హెచ్-4: ఇచ్చినది హక్కు కాదు

2025 అక్టోబరు 14న అమెరికా సర్వోన్నత న్యాయస్థానం ఒక వ్యాజ్యాన్ని విచారణకు స్వీకరించడానికి నిరాకరించింది. హెచ్-1బి ఉద్యోగుల భార్యలకూ భర్తలకూ పని చేసుకునే అనుమతినిచ్చిన నిబంధనను కొట్టివేయాలని సేవ్ జాబ్స్ యూఎస్ఏ అనే సంస్థ 2015లో వేసిన వ్యాజ్యమది. పదేళ్ళు నడిచి అక్కడ ఆగింది. ఆ సాయంత్రానికి నాకు తెలిసిన తెలుగిళ్ళలో ఒకటే మాట: "ఇక బెంగ లేదు, మన హక్కును కోర్టు నిలబెట్టింది." సరిగ్గా పదహారు రోజులకు, అక్టోబరు 30న, హోమ్‌లాండ్ సెక్యూరిటీ శాఖ మరొక పని చేసింది. అనుమతిపత్రం గడువు ముగిసిపోయినా, పునరుద్ధరణ దరఖాస్తు తేలేదాకా 540 రోజుల వరకు పాత పత్రమే చెల్లుతుందన్న వెసులుబాటును, ఆనాటి నుండి పెట్టుకునే దరఖాస్తులకు తీసివేసింది. ముందుగా ఎవరి అభిప్రాయమూ అడగలేదు. ప్రకటించిన రోజునే అమలు.

పక్కపక్కన పెట్టి చదవవలసిన ఈ రెండు వార్తలను మనవాళ్ళు విడివిడిగా చదువుకున్నారు. మొదటిది సంతోషవార్త, రెండవది చెడువార్త అనుకున్నారు. నా దృష్టిలో రెండూ ఒకటే వార్త. కోర్టులు ఏనాడూ హెచ్-4 మీద ఉన్న మనిషికి పని చేసే హక్కు ఉన్నదని చెప్పలేదు. 2024 ఆగస్టు 2న వాషింగ్టన్ అప్పీలు కోర్టు చెప్పినది, అటువంటి అనుమతినిచ్చే అధికారం ఆ శాఖకు ఉన్నదని మాత్రమే. సర్వోన్నత న్యాయస్థానం ఆమాత్రమూ చెప్పలేదు, వినమన్నది, అంతే. గెలిచినది శాఖ. ఇవ్వగల అధికారం ఎవరిదో, ఇవ్వకుండా ఉండే అధికారమూ వారిదే. పదహారు రోజుల తరువాత వారు చూపించినది దానినే. ఆ తీర్పులో మన గెలుపు ఎక్కడున్నదో ఎవరైనా చూపిస్తే చూస్తాను.

అసలు ఈ ఏర్పాటు ఎటువంటిదో మొదటినుండీ చూడాలి. హెచ్-1బి మీద వచ్చే ఉద్యోగి భార్యకు గాని భర్తకు గాని, పిల్లలకు గాని ఇచ్చేది హెచ్-4. దాని మీద ఇక్కడ ఉండవచ్చు, చదువుకోవచ్చు (ఫీజు కట్టి), పని చేయరాదు. నేను వచ్చిన 2008లో సామాజిక భద్రతా సంఖ్య కూడా ఇచ్చేవారు కాదు. పన్ను లెక్కల కోసం మాత్రం ఒక సంఖ్య ఇచ్చేవారు. అంటే కుటుంబపు పన్ను లెక్కలో నేను ఉన్నాను, సంపాదించవలసిన చోట లేను. అంతకుముందు నాలుగేళ్ళు జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి నెలనెలా జీతం తీసుకున్నదానిని. ఇక్కడ ఏడేళ్ళు చెప్పినవి పక్కింటి పిల్లలకు లెక్కలు, ఉచితంగా. డబ్బు తీసుకుంటే నేరమని కాదు, వీసా పోతుందని. ఊరగాయలు పెట్టి అమ్మినా, కూచిపూడి నేర్పి పది డాలర్లు పుచ్చుకున్నా అంతే సంగతి.

ఇక ఎల్-1 వీసా సంగతి. ఒక కంపెనీ తన విదేశీ శాఖలోని ఉద్యోగిని ఇక్కడి శాఖకు బదిలీ చేస్తే ఇచ్చేది అది. హైదరాబాదు నుండి, బెంగుళూరు నుండి మనవాళ్ళు దీని మీదా దండిగానే వచ్చారు. అతని భార్యది ఎల్-2. 2002 జనవరిలో అమెరికా కాంగ్రెసు చట్టం చేసి ఎల్-2 మీద ఉన్న భార్యాభర్తలకు పని చేసే అనుమతినిచ్చింది. వర్తకుల, పెట్టుబడిదారుల ఇ వీసాల వారి జీవిత భాగస్వాములకూ అదే రోజున ఇచ్చింది. 2021 నవంబరులో ఒక వ్యాజ్యంలో కుదిరిన రాజీ మూలంగా ఎల్-2 వారికి ఇప్పుడు వేరే అనుమతిపత్రమైనా అక్కరలేదు, ఆ వీసా స్థితి ఉండటమే అనుమతి. ఒకే కార్యాలయంలో పక్కపక్క బల్లల దగ్గర ఒకే రకం కోడు రాసే ఇద్దరిని ఊహించండి. ఒకరిది ఎల్-1, మరొకరిది హెచ్-1బి. ఒకరి భార్య విమానం దిగిన వారానికి ఉద్యోగానికి పోవచ్చు. రెండవ ఆమె ఏళ్ళ తరబడి కిటికీలోంచి మంచు చూడాలి. ఈ తేడాకు ఆడవాళ్ళిద్దరి చదువులో గాని, తెలివిలో గాని, నడవడిలో గాని కారణం వెతికితే దొరకదు. ఉన్న కారణమల్లా వారి భర్తలను ఎవరు ఏ కాగితం మీద తీసుకొచ్చారన్నదే.

సరే, 2015లో మనకూ ఇచ్చారు కదా అంటారు. ఇచ్చారు. ఫిబ్రవరి 25న ప్రకటించి మే 26 నుండి అమలు చేశారు. మొదటి సంవత్సరంలో 1,79,600 మంది దాకా అర్హులౌతారని శాఖ అంచనా వేసింది. నేనూ ఆ వేసవిలో దరఖాస్తు పెట్టినదానినే. కాని ఆ నిబంధనను ఎందుకు చేశామని శాఖవారు అందులోనే రాసుకున్నారు. మనవారిలో ఎంతమంది చదివారో తెలియదు గాని, చదివితే ఇప్పటి పొంగు కొంత తగ్గేది. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి వేచి ఉండలేక హెచ్-1బి ఉద్యోగులు ఆ ప్రయత్నం మానుకుని వెళ్ళిపోతున్నారట. ఇంట్లో భార్యకు పనిలేకపోవడం అందుకు ఒక కారణమట. ఆ నిరుత్సాహాన్ని తగ్గించి ఉద్యోగిని నిలుపుకోవడానికి ఈ ఏర్పాటట. అంటే ఆమెకు పని ఇచ్చినది ఆమె కోసం కాదు, అతనిని ఆపడం కోసం. కంపెనీవారు అతనికి ఆరోగ్య బీమా, పార్కింగు పాసు ఇచ్చినట్టు, ప్రభుత్వంవారు అతనికి భార్య ఉద్యోగం ఇచ్చారు.

ఉద్దేశం ఎటువంటిదో షరతూ అటువంటిదే. హెచ్-4 ఉంటే చాలదు. భర్త కంపెనీవారు అతని గ్రీన్ కార్డు కోసం ఐ-140 అనే అర్జీ వేసి, అది ఆమోదం పొంది ఉండాలి, లేదా అదే దారిలో అతను ఆరేళ్ళ గడువు దాటి పొడిగింపులో ఉండాలి. ఐ-140 ఎప్పుడు వేస్తారన్నది కంపెనీ ఇష్టం. రెండేళ్ళు పని చేశాక చూద్దామనేవారు ఉన్నారు, ఎప్పటికీ వేయనివారూ ఉన్నారు. కాబట్టి ఒక స్త్రీ తాను చదివిన చదువుతో పనికి పోవచ్చునా లేదా అన్నది, ఆమె ఎన్నడూ ముఖం చూడని ఒక కంపెనీ మానవ వనరుల విభాగం తేల్చాలి. ఆ పైన ఆ పత్రం గడువు ఆమె హెచ్-4 గడువును దాటదు, హెచ్-4 గడువు అతని హెచ్-1బి గడువును దాటదు. మూడు కాగితాలు గొలుసుకట్టుగా ఒకదానికొకటి వేలాడుతుంటాయి, కొస కాగితం ఆమెది.

గొలుసు ఎట్లా పని చేస్తుందో వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే దీనిని అనుభవించని మగవారు "దరఖాస్తు పెడితే వస్తుందిగా" అంటారు. అతని పొడిగింపుకు గడువుకు ఆరు నెలల ముందు మాత్రమే అర్జీ వేయనిస్తారు. అదనపు రుసుము కడితే అతని అర్జీ పదిహేను పనిదినాలలో తేలుతుంది. ఆమె హెచ్-4కూ, ఆమె అనుమతిపత్రానికీ ఆ సౌకర్యం లేదు, డబ్బు కడతామన్నా తీసుకోరు. 2023 జనవరిలో మరొక వ్యాజ్యంలో రాజీ కుదిరి, మూడు అర్జీలూ కలిపి వేస్తే కలిపే చూస్తామని శాఖ ఒప్పుకున్నది. ఆ రెండేళ్ళూ కాస్త ఊపిరి ఆడింది. 2025 జనవరితో రాజీ గడువు తీరింది, కలిపి చూడవలసిన బాధ్యతా తీరింది. ఇక ఇప్పుడు రద్దయిన ఆ స్వయంచాలక పొడిగింపు సంగతీ చెప్పాలి. అది హెచ్-4 వారికి పేరుకే ఉండేది. వారి ఐ-94 పత్రం మీది తేదీ దాటి చెల్లేది కాదు. మనలో అధికుల ఐ-94 తేదీ, అనుమతిపత్రం తేదీ ఒకటే కదా! అంటే హెచ్-4 పొడిగింపు చేతికి ముందే వచ్చి, అనుమతిపత్రం ఒక్కటే ఆలస్యమైన సందర్భాల్లో తప్ప అది పనికిరాలేదు. ఆ కాస్తనూ ఇప్పుడు తీశారు. గడువు తేదీనాటికి కొత్త పత్రం రాకపోతే మర్నాడు ఉద్యోగానికి పోకూడదు. ఆమె బడిలో పాఠాలు చెబుతున్నదైతే పిల్లలకు ఏమి చెప్పి సెలవు పెట్టాలి? "మా ఆయన వీసా పొడిగింది గాని నాది దారిలో ఉన్నది" అనా? నా పత్రం మీది గడువు కొద్ది నెలల దూరంలో ఉన్నది కనుక ఈ ప్రశ్న ఊరికే అలంకారానికి వేయడంలేదు.

అతని ఉద్యోగం ఊడితే మరీ విచిత్రం. 2017 జనవరి నుండి ఉన్న నిబంధన ప్రకారం అటువంటివారికి అరవై రోజుల వరకు వ్యవధి ఇస్తారు. ఆ లోపల అతనికి మరొక కంపెనీ దొరకకపోతే కుటుంబమంతా వెళ్ళాలి. ఆమె వేరే సంస్థలో, వేరే వృత్తిలో, యజమాని మెప్పు పొందుతూ పని చేస్తున్నా సరే. 2022 చివర, 2023 మొదట్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు వేల సంఖ్యలో జనాన్ని తీసివేసినప్పుడు, నాకు తెలిసిన ఒక ఇంట్లో ఆయనకు పని లేదు, ఆమెకు ఉన్నది, జీతం వస్తున్నది. మామూలు బుద్ధికి ఏమనిపిస్తుంది? అదృష్టవశాత్తు ఇంట్లో ఒకరి సంపాదన ఉన్నది, నిలదొక్కుకుంటారు అనిపిస్తుంది. ఆ సంపాదనే అతని ఉద్యోగం మీద వేలాడుతున్నది కనుక, ఆదుకోవలసిన చెయ్యి అతనితో పాటే మునిగింది.

ఇంతకంటె ఘోరమైనది మరొకటి ఉన్నది. భర్త కొట్టినా తిట్టినా వీసా అతని చేతిలో ఉన్నది కనుక పడి ఉండవలసిన ఆడవాళ్ళు ఉన్నారని అమెరికా కాంగ్రెసుకు తెలియకపోలేదు. 2006 జనవరిలో స్త్రీలపై హింసను అరికట్టే చట్టాన్ని పొడిగిస్తూ, హింసకు గురైన హెచ్-4 వంటి భార్యలకు పని చేసుకునే అనుమతి ఇవ్వవచ్చునని అందులో రాశారు. చట్టమైతే అయింది. దాని కింద దరఖాస్తు పెట్టుకోవడానికి ఫారం వచ్చినది ఎప్పుడో తెలుసునా? 2017లో. దేవుడు వరమిచ్చి పదకొండేళ్ళయినా పూజారి తలుపు తీయలేదు. ఆ పదకొండేళ్ళలో ఎంతమంది తమ దెబ్బలను మేకప్పు కింద దాచుకుని పండుగలకు గుడికి వచ్చారో గుళ్ళకే తెలియాలి.

ఇన్ని తెలిసి కూడా మనలో కోపం రాకపోవడం నాకు ఆశ్చర్యం. ఈ వ్యాసంలో నా తగవు వాషింగ్టనుతో ఎంతో మనతోనూ అంతే. డిపెండెంటు అనే మాట వాళ్ళు పెట్టినదే కావచ్చు, కాని అది మన ఇళ్ళలో దిగుమతి సరుకులాగా అనిపించలేదు. పెళ్ళిచూపుల నాడే మనకు సరిపోయిన మాట. హెచ్-1బి ఉన్న వరునికి ఒక ధర, లేనివానికి ఒక ధర పెట్టి, ఇంజనీరింగు చదివిన పిల్లను కట్నమిచ్చి మరీ పనిచేయరాని వీసా మీద పంపించిన తల్లిదండ్రులు మనవారే. నేను మొదటి సంవత్సరం ఫోనులో ఏడిస్తే మా పెద్దమ్మ అన్నది, "కాలు మీద కాలేసుకుని కూర్చోబెట్టి పోషిస్తానంటే ఏడుస్తావేమే పిచ్చిదానా!" ఆమె మంచిది, ప్రేమతోనే అన్నది. అమెరికా వలస చట్టమూ సరిగ్గా అదే అన్నది, ప్రేమ లేకుండా.

"వచ్చేముందు తెలియదా? తెలిసే వచ్చారు కదా" అనే వాదనను అమెరికనుల నోట కంటె మనవారి నోటనే ఎక్కువ విన్నాను. తెలిసే వచ్చాం. ఎన్నాళ్ళకని తెలిసి వచ్చాం? హెచ్-1బి ఆరేళ్ళ వీసా. ఆరేళ్ళు ఓర్చుకోవడం ఒక ఒప్పందం. కాని 1990 చట్టం ఉద్యోగపు గ్రీన్ కార్డులను ఏడాదికి 1,40,000 దగ్గర ఉంచి, ఏ దేశంవారికీ 7 శాతం మించరాదన్నది. ఆ 1,40,000లోనే భార్యాపిల్లలనూ లెక్కపెడతారు. (పనికి మేము ఎవరమూ కాము, కోటా ఖర్చు రాయవలసివస్తే మేమూ ఒక్కొక్కరం ఒక్కొక్క కార్డుగా లెక్కకు వస్తాం.) ఐస్‌లాండుకూ ఇండియాకూ ఒకటే పరిమితి కావడంతో మనవారి వరుస దశాబ్దాలకు సాగింది. ఆరేళ్ళకని సంతకం పెట్టిన కాగితాన్ని పాతికేళ్ళకు సాగదీసి, "తెలిసే వచ్చావు" అనడం ఏ పంచాయతీలోనూ నిలవదు.

"మా ఉద్యోగాలు పోతాయి" అన్నది అక్కడివారి వాదన. సేవ్ జాబ్స్ యూఎస్ఏ వెనుక ఉన్నవారు సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ కంపెనీలో కంప్యూటరు పనులు చేసి, ఆ స్థానాలలోకి హెచ్-1బి వారు రావడంతో ఉద్యోగాలు పోగొట్టుకున్నవారు. వారి బాధను నేను తేలికగా తీసుకోను. నలభై ఏళ్ళు దాటాక పని పోవడం ఏమిటో, పని లేకుండా ఏళ్ళు గడిపిన నాకు వేరేవాళ్ళు చెప్పనక్కరలేదు. కాని వారిని తీసివేసినది వారి కంపెనీ. హెచ్-4 మీద ఉన్న స్త్రీకి అందులో పాత్ర ఏమున్నది? ఆమె అనుమతికి అర్హత పొందిన నాటికే ఆ కుటుంబం గ్రీన్ కార్డు వరుసలో నిలబడి ఉన్నది. వరుస కదిలిన రోజున ఆమె ఎట్లాగూ ఏ అడ్డూ లేకుండా పనిలోకి వస్తుంది. ఈ నిబంధన ఆమెను కాస్త ముందుగా రానిచ్చినది, అంతే. శాఖ చెప్పినదీ ఇదే. అయితే ఆ సంస్థ న్యాయవాదుల మాట ఒకటి మాత్రం నన్ను వదలదు: హెచ్-4 వారికి పని చేసే అనుమతి ఇవ్వమని కాంగ్రెసు ఎక్కడా రాయలేదు అన్నారు. నిజం, రాయలేదు. ఎల్-2 వారికి రాసింది, ఇ వారికి రాసింది, మనకు రాయలేదు. వారు దానిని మన పత్రం లాగేసుకోవడానికి వాడుకున్నారు. మనం రాయించుకోవడానికి వాడుకోలేదు.

ఇది ఆడవాళ్ళ గోల అనుకునే పెద్దమనుషులకు ఒక మాట. 2017 చివరి దాకా ఈ పత్రాన్ని తొలిసారి పొందినవారిలో 93 శాతం భారతదేశంలో పుట్టినవారు, 93 శాతం స్త్రీలు. నిజమే, ఎక్కువగా ఆడవాళ్ళ గోలే. మిగిలిన మగవాళ్ళ సంగతి పల్లవి బెనర్జీ 2022లో తెచ్చిన 'ది ఆపర్చునిటీ ట్రాప్' అనే పుస్తకంలో ఉన్నది. ఒకవైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల భార్యలను, మరొకవైపు నర్సుల భర్తలను పెట్టి చూసిన అధ్యయనం అది. ఆ భర్తల దుఃఖాన్ని చూసి జాలిపడేవారు, అదే దుఃఖం భార్యదైనప్పుడు దానిని సంసారం అంటారు. మన దేశమూ ఇందులో ఉత్తమురాలేమీ కాదు. అక్కడికి ఉద్యోగ వీసా మీద వచ్చే విదేశీయుల భార్యాభర్తలకు ఇచ్చే ఎంట్రీ వీసాతో పని చేయడానికి వీలులేదు. అటు బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా వారి జీవిత భాగస్వామి డిపెండెంటుగా వస్తూనే పని చేసుకోవచ్చు, జర్మనీలో బ్లూ కార్డు వారి భాగస్వామీ అంతే. ఆ దేశాలేవీ మునిగిపోలేదు.

2017లో ట్రంపు ప్రభుత్వం ఈ నిబంధనను రద్దు చేస్తామన్నది. 2019 ఫిబ్రవరిలో ముసాయిదా శ్వేతసౌధపు బడ్జెటు కార్యాలయం దాకా వెళ్ళింది. 2021 జనవరిలో బైడెన్ వచ్చి వెనక్కి తీసుకున్నారు. ఆ మూడేళ్ళ పైచిలుకూ ఇల్లు కొనాలా వద్దా, రెండవ బిడ్డను కనాలా వద్దా అని లెక్కలు వేసుకుని, ఆగిపోయిన కుటుంబాలను నేనెరుగుదును. ఒక అధికారి కలం రాసినదానిని మరొక అధికారి కలం కొట్టివేయగలదు కనుకనే ఆ ఆగిపోవడం.

కాబట్టి అడగవలసినది పునరుద్ధరణ త్వరగా చేయమని కాదు, పొడిగింపు తిరిగి ఇమ్మని కాదు. అవి కావాలి, కాని అవి పత్రం గురించిన అర్జీలు. అడగవలసినది హెచ్-4 స్థితి ఉండటమే పని చేసే అనుమతి అని చట్టంలో రాయమని, ఎల్-2 వారికి ఉన్నట్టే, ఐ-140తో నిమిత్తం లేకుండా. ఇది గాలిలో మేడ కాదు. కారొలిన్ బోర్డో, మరియా ఎల్విరా సలాజర్ అనే ఇద్దరు ప్రతినిధులు, ఒకరు డెమొక్రాటు, ఒకరు రిపబ్లికను, 2022లో సరిగ్గా ఇటువంటి బిల్లు ప్రవేశపెట్టారు. అది కదలలేదు. 2024 ఫిబ్రవరిలో సెనేటు ముందుకు వచ్చిన సరిహద్దు బిల్లులోనూ హెచ్-4 వారి ఉద్యోగానుమతి ఉన్నది. సరిహద్దు తగాదాలో బిల్లంతా పోయింది, దానితో పాటు ఇదీ పోయింది. పోయిన వారంలో మన సంఘాల సభలకు, వనభోజనాలకు వెళ్ళినవారిని తరువాత అడిగి చూశాను, ఆ బిల్లులో మన ఆడవాళ్ళ మాట ఉన్నదని ఎవరికైనా తెలుసునా అని. గ్రీన్ కార్డు వరుస గురించి అందరికీ తెలుసు, తేదీలతో సహా. దీని గురించి ఇద్దరికి తెలుసు. ఇద్దరూ హెచ్-4 వారే, ఓటు లేనివారు.

ఓటు ఉన్నవారు ఆ సభల్లో ముందు వరుసలో కూర్చుంటారు. ఎన్నికల వేళ స్థానిక ప్రతినిధిని పిలిచి శాలువా కప్పి ఫొటో దిగేదీ వారే. ఈసారి శాలువా కప్పేటప్పుడు ఆ బిల్లు పేరు ఒకసారి చెవిన వేయమని వారిని అడుగుతున్నాను.